సిమ్యులేషన్‌లో మోటార్ తిరగడం లేదా? డ్రైవర్ సర్క్యూట్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ కాలేజీల్లో మినీ ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే మోటార్‌కు కావాల్సిన కరెంట్ అందించే డ్రైవర్ సర్క్యూట్‌ను కంప్యూటర్‌లో నడిపి చూడటంపై ఈ సందేహాలే తిరిగి తిరిగి వస్తుంటాయి. అందుకే ఒకచోట చేర్చాం. మీ సమస్య ఏ దశలో ఉందో చూసుకుని నేరుగా ఆ ప్రశ్నకే వెళ్లొచ్చు, మొదటి నుంచి చదవక్కర్లేదు. చాలామంది మోటార్ కదలకపోతే ముందు కోడ్ మీద పడతారు. కోడ్ చివర్న చూడాల్సిన వస్తువు. మోటార్ రెండు కాళ్ల మధ్య ఎన్ని వోల్టులున్నాయో చూసి, అక్కడి నుంచి వెనక్కి నడిస్తే తప్పు దానంతటదే దొరుకుతుంది.

## మొదలుపెట్టే ముందు

ప్రోటియస్, టింకర్‌క్యాడ్, ఎల్‌టీస్పైస్: మా ప్రాజెక్టుకు ఏది వాడాలి?

మూడూ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్లే. ఆర్డుయినో (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు) కోడ్, మోటార్ రెండూ కలిపి చూడాలంటే ప్రోటియస్. బ్రౌజర్‌లో ఉచితంగా, త్వరగా అయిపోవాలంటే టింకర్‌క్యాడ్. అందులో ఎల్293డీ అనే మోటార్ డ్రైవర్ చిప్ ఉంది కాబట్టి చిన్న రోబో బండికి సరిపోతుంది. మాస్‌ఫెట్లతో (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్లు) సొంతంగా హెచ్-బ్రిడ్జ్ (మోటార్‌ను రెండు దిశల్లోనూ తిప్పే నాలుగు స్విచ్‌ల అమరిక) కడుతుంటే మాత్రం ఎల్‌టీస్పైస్ తప్ప వేరే దారి చూడకండి. గేట్ వోల్టేజ్, కరెంట్ స్పైకులు, డెడ్ టైమ్ (పై, కింది స్విచ్‌లు రెండూ ఆఫ్‌లో ఉండే చిన్న విరామం) లాంటివి నమ్మదగ్గట్టు చూపించేది ఈ మూడింటిలో అదే. ఉచితం కూడా.

కాలేజీ ల్యాబ్‌లో చేసిన ప్రోటియస్ ఫైల్ ఇంట్లో తెరుచుకోవడం లేదు, ఎందుకు?

కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ప్రాజెక్టును పాత వెర్షన్ తెరవలేదు. రెండు చోట్లా ఒకే వెర్షన్ ఉండాలి, లేదంటే పాత వెర్షన్ ఉన్న సిస్టమ్‌లోనే మొదలుపెట్టాలి. పార్ట్ తెచ్చుకునేటప్పుడు ప్రివ్యూలో "నో సిమ్యులేటర్ మోడల్" అని కనిపిస్తే ఆ పార్ట్ బొమ్మకూ పీసీబీకీ తప్ప రన్ చేయడానికి పనికిరాదు. అదే పేరుతో మోడల్ ఉన్న మరో పార్ట్ వెతకండి.

ఎల్293డీ తీసుకోవాలా, ఎల్298 తీసుకోవాలా?

మోటార్ స్టాల్ కరెంట్‌ను (తిరగకుండా ఆగిపోయినప్పుడు లాగేది) బట్టి నిర్ణయించాలి, నో-లోడ్ కరెంట్‌ను (బరువు లేకుండా తిరిగేటప్పుడు లాగేది) బట్టి కాదు. ఎల్293డీ ఒక్కో చానల్‌కు నిలకడగా 600 మిల్లీఆంప్స్ ఇస్తుంది, క్షణకాలం 1.2 ఆంప్స్ తట్టుకుంటుంది. స్విచ్ ఆఫ్ అయినప్పుడు కాయిల్ కరెంట్‌కు దారిచ్చే డయోడ్లు లోపలే ఉంటాయి. "డీ" లేని ఎల్293 ఒక ఆంప్ ఇస్తుంది, కానీ దానికి డయోడ్లు మనమే పెట్టాలి. ఎల్298 ఒక్కో బ్రిడ్జ్‌కు 2 ఆంప్స్, సప్లై 46 వోల్టుల వరకు. దీనిలోనూ డయోడ్లు ఉండవు, 8 బయట పెట్టాలి.

పసుపు రంగు బీఓ మోటార్లు (చిన్న ప్లాస్టిక్ గేర్ మోటార్లు) రెండింటికి ఎల్293డీ చాలు. 12 వోల్టుల మెటల్ గేర్ మోటార్ అయితే మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ కొలవండి. 4 ఓమ్స్ వచ్చిందనుకుందాం. స్టాల్ కరెంట్ 12/4, అంటే 3 ఆంప్స్. అది ఎల్298 హద్దు కూడా దాటేసింది.

మోటార్ ప్రాపర్టీస్‌లో ఏం వేయాలో తెలియడం లేదు. డీఫాల్ట్ వదిలేస్తే పర్లేదా?

తిరుగుతుందా లేదా అని చూడటానికైతే వదిలేయొచ్చు. రిపోర్టులో కరెంట్ విలువలు రాయాలంటే కుదరదు. ప్రోటియస్‌లో మోటార్ మీద డబుల్ క్లిక్ చేసి నామినల్ వోల్టేజ్, కాయిల్ రెసిస్టెన్స్, ఇండక్టెన్స్, జీరో లోడ్ ఆర్‌పీఎం, ఈ నాలుగూ మీ అసలు మోటార్‌వి వేయండి. 6 వోల్టుల మోటార్ కొని, సిమ్యులేషన్‌లో 12 వోల్టులదిగా వదిలేసి, "స్పీడు సగమే వస్తోంది" అనే కేసులు లెక్కలేనన్ని.

ఎల్‌టీస్పైస్‌లో మోటార్ బొమ్మ ఉండదు, మనమే కట్టుకోవాలి. ఒక ఉదాహరణ: 12 వోల్టులు, నో-లోడ్‌లో 3000 ఆర్‌పీఎం, 0.1 ఆంప్, రెసిస్టెన్స్ 4 ఓమ్స్. 3000 ఆర్‌పీఎం అంటే సెకనుకు 314 రేడియన్లు. బ్యాక్ ఈఎంఎఫ్ (తిరిగే మోటార్ తానే ఎదురుగా పుట్టించే వోల్టేజ్) 12 − (0.1 × 4) = 11.6 వోల్టులు. దాన్ని 314తో భాగిస్తే 0.037 వస్తుంది, అదే మోటార్ స్థిరాంకం. ఎస్ఐ యూనిట్లలో టార్క్ స్థిరాంకం కూడా ఇదే అంకె.

ఇప్పుడు 4 ఓమ్స్, 2 మిల్లీహెన్రీలు, ఒక బిహేవియరల్ వోల్టేజ్ సోర్స్ (విలువను సూత్రంగా రాసేది) వరసగా పెట్టండి. సోర్స్ విలువ 0.037 × స్పీడ్ నోడ్ వోల్టేజ్. పక్కన స్పీడ్ నోడ్ (నోడ్ అంటే వైర్లు కలిసే బిందువు) అని ఒకటి పెట్టి, అందులోకి 0.037 × మోటార్ కరెంట్ పంపే కరెంట్ సోర్స్, అక్కడి నుంచి గ్రౌండ్‌కు 50 మైక్రోఫారడ్ కెపాసిటర్, దానికి సమాంతరంగా 85 కిలోఓమ్స్ కలపండి. కెపాసిటర్ ఇక్కడ రోటర్ జడత్వం, రెసిస్టర్ రాపిడి. ఆ నోడ్‌లో వచ్చే వోల్టేజ్‌ను 9.55తో గుణిస్తే ఆర్‌పీఎం. ఈ విలువలకు మోటార్ స్పీడు అందుకునే టైమ్ కాన్‌స్టెంట్ సుమారు 0.15 సెకను. కాబట్టి 10 మిల్లీసెకన్లు రన్ చేసి "తిరగడం లేదు" అనకండి, కనీసం ఒక సెకను నడవనివ్వండి.

## రన్ నొక్కగానే ఎర్రర్

"టైమ్‌స్టెప్ టూ స్మాల్" అని ఆగిపోతోంది. సర్క్యూట్ తప్పా, సాఫ్ట్‌వేర్ తప్పా?

పది సార్లలో తొమ్మిది సార్లు సర్క్యూటే. మోటార్ కాయిల్‌లో కరెంట్ పారుతుండగా స్విచ్ తెరుచుకుని, ఆ కరెంట్ వెళ్లడానికి దారి లేకపోతే ఇలా అవుతుంది. 10 మిల్లీహెన్రీల కాయిల్‌లో 1 ఆంప్ ఉండగా అది ఒక మైక్రోసెకనులో సున్నా కావాలంటే 10,000 వోల్టులు పుట్టాలి. సాల్వర్ (సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు కట్టే భాగం) ఆ ఎగుడును అందుకోవడానికి స్టెప్‌ను ఇంకా ఇంకా తగ్గించుకుంటూ పోయి చేతులెత్తేస్తుంది.

నాలుగు స్విచ్‌లకూ డయోడ్లు ఉన్నాయో లేదో చూడండి. క్యాథోడ్, అంటే గీత ఉన్న వైపు, ప్లస్ సప్లై వైపే ఉండాలి. అవి సరిగా ఉన్నా ఎర్రర్ వస్తుంటే మోటార్‌కు అడ్డంగా 100 నానోఫారడ్ కెపాసిటర్, దానికి వరసగా 10 ఓమ్స్ పెట్టండి. పల్స్ సోర్స్‌లో రైజ్, ఫాల్ టైమ్‌లు సున్నా వేసి ఉంటే 50 నానోసెకన్లు చేయండి. ఎర్రర్ పోవాలని టాలరెన్స్ సెట్టింగులు వదులు చేసే అలవాటు మంచిది కాదు. డయోడ్ తిరగబడి ఉంటే ఆ సెట్టింగ్ దాన్ని దాచిపెడుతుంది.

"సింగ్యులర్ మ్యాట్రిక్స్, చెక్ నోడ్" అంటే ఏమిటి?

ఏదో ఒక నోడ్‌కు గ్రౌండ్ దాకా డీసీ దారి లేదు, లేదా అసలు గ్రౌండ్ గుర్తే పెట్టలేదు. మెసేజ్‌లో నోడ్ పేరు ఉంటుంది, దాన్ని వెతికి పట్టుకోండి. మాస్‌ఫెట్ గేట్ ఊరికే వేలాడుతుంటే, రెండు కెపాసిటర్ల మధ్య బిందువుకు ఇంకేమీ తగలకపోతే ఇది వస్తుంది. 10 కిలోఓమ్స్ గేట్ నుంచి సోర్స్‌కు పెట్టడం ఇక్కడా మేలు, రేపు బోర్డు మీదా మేలు. రెండు వోల్టేజ్ సోర్స్‌లను నేరుగా సమాంతరంగా కలిపినా ఇలాంటి తిట్టే.

ఎల్‌టీస్పైస్‌లో 1ఎం ఓమ్ పెట్టాను, షార్ట్ అయినట్టు కరెంట్ వస్తోంది?

ఎల్‌టీస్పైస్‌కు పెద్ద ఎం, చిన్న ఎం తేడా లేదు. రెండూ మిల్లీయే. మీరు పెట్టింది 0.001 ఓమ్. మెగా కావాలంటే మెగ్ అని మూడు అక్షరాలూ టైప్ చేయాలి. కెపాసిటర్‌కు 1ఎఫ్ అని వేస్తే ఒక ఫారడ్ కాదు, ఒక ఫెమ్టోఫారడ్. ఊరికే 1 అని వేయండి.

ప్రోటియస్ కింద పసుపు గుర్తుతో "ఎక్సెసివ్ సీపీయూ లోడ్" అంటోంది, మోటార్ నత్తలా కదులుతోంది?

ఇది ఎర్రర్ కాదు, హెచ్చరిక. లెక్కలు కట్టడం రియల్ టైమ్‌కు వెనకపడింది, అంతే. ఫలితాలు తప్పేమీ కావు. పీడబ్ల్యూఎం (వేగంగా ఆన్-ఆఫ్ చేసి స్పీడు మార్చే పద్ధతి) ఫ్రీక్వెన్సీ 20 కిలోహెర్ట్జ్ పెట్టి ఉంటే చూడటం వరకు 500 హెర్ట్జ్‌కు తగ్గించండి. వాడని ఆసిల్లోస్కోప్, ఎల్‌సీడీ తీసేయండి.

డిలే ఒక సెకను రాస్తే 16 సెకన్లు పడుతోంది!

విడిగా ఏటీమెగా328పీ చిప్ (ఆర్డుయినో ఊనో బోర్డు మీద ఉండేది) తెచ్చుకుని క్లాక్ సెట్ చేయలేదన్నమాట. డీఫాల్ట్‌లో అది లోపలి 8 మెగాహెర్ట్జ్‌ను 8తో భాగించి 1 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంది. మీ కోడ్ 16 మెగాహెర్ట్జ్‌కు కంపైల్ అయింది. చిప్ ప్రాపర్టీస్‌లో 8తో భాగించే ఫ్యూజ్ ఆపి, బయటి క్రిస్టల్ ఎంచుకుని, క్లాక్ 16 మెగాహెర్ట్జ్ వేయండి. భాగించే ఫ్యూజ్ ఒక్కటే ఆపి వదిలేస్తే 2 సెకన్లు వస్తుంది, అప్పుడు సగం పని మిగిలిందని గుర్తు. హెక్స్ ఫైల్ (చిప్‌లోకి ఎక్కించే, కంపైల్ అయిన కోడ్) కోసం ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లో స్కెచ్ మెనూలో ఎక్స్‌పోర్ట్ కంపైల్డ్ బైనరీ నొక్కండి. రెండు హెక్స్ ఫైళ్లు వస్తాయి, బూట్‌లోడర్ అనే మాట లేనిది తీసుకోండి. కోడ్ మార్చిన ప్రతిసారీ మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయాలి. పాత హెక్స్ నడుపుతూ కొత్త కోడ్‌ను తిట్టుకునేవాళ్లు చాలామంది.

## రన్ అవుతోంది, మోటార్ కదలడం లేదు

కనెక్షన్లన్నీ కరెక్టే, కోడ్ కరెక్టే, అయినా తిరగడం లేదు. ఎక్కడి నుంచి చూడాలి?

మోటార్ నుంచి. డీసీ వోల్ట్‌మీటర్ ఒకటి మోటార్‌కు అడ్డంగా పెట్టి రన్ చేయండి. 10 వోల్టుల దాకా చూపిస్తూ కూడా తిరగకపోతే డ్రైవర్ జోలికి పోవద్దు. మోటార్ ప్రాపర్టీస్‌లో లోడ్ ఎక్కువ వేశారేమో, నామినల్ వోల్టేజ్ 24 లాంటిది ఉందేమో చూడండి.

సున్నా చూపిస్తే మీటర్‌ను మార్చి, మోటార్ ఒక్కో కాలికీ గ్రౌండ్‌కూ మధ్య విడివిడిగా కొలవండి. రెండు కాళ్లూ 11 వోల్టుల దగ్గరుంటే రెండు ఇన్‌పుట్లూ హై అయ్యాయి. అది బ్రేక్ స్థితి, డ్రైవర్ బాగానే ఉంది. రెండూ సున్నా దగ్గరుంటే మూడు అవకాశాలు: ఎనేబుల్ పిన్ (డ్రైవర్‌ను ఆన్ చేసేది) "లో", అంటే సున్నా వోల్టుల స్థితిలో ఉంది, మోటార్ సప్లై పిన్‌కు కరెంట్ రావడం లేదు, లేదా రెండు ఇన్‌పుట్లూ "లో" అయ్యాయి. ఒక కాలు 11, రెండోది సున్నా ఉండి కూడా మోటార్‌కు అడ్డంగా సున్నా చూపిస్తే వైరు తగిలినట్టు కనిపిస్తోంది గానీ తగల్లేదు. జూమ్ చేసి చూడండి, జంక్షన్ దగ్గర చుక్క లేకపోతే అది కలవలేదు.

తర్వాత డ్రైవర్ సప్లై. ఇక్కడ ప్రోటియస్‌లో ఒక తిరకాసు ఉంది. పవర్ టెర్మినల్‌కు 12వీ అని పేరు పెడితే అది వట్టి పేరే, వోల్టేజ్ రాదు. ముందు ప్లస్ గుర్తు పెట్టి +12వీ అనాలి. అప్పుడే సాఫ్ట్‌వేర్ దాన్ని 12 వోల్టుల సప్లైగా తీసుకుంటుంది. పేరే పెట్టకుండా వదిలేస్తే మామూలుగా 5 వోల్టుల లైనుకు కలిసిపోతుంది.

ఇంకా వెనక్కి వస్తే ఎనేబుల్, ఇన్‌పుట్ పిన్లు. ఎల్298కైనా ఎల్293డీకైనా 2.3 వోల్టులు దాటితేనే హై. ప్రోటియస్‌లో పిన్ పక్కన చిన్న చతురస్రం రంగు చూడండి: ఎరుపు హై, నీలం లో, బూడిద రంగు ఎవరూ నడపని పిన్, పసుపు ఇద్దరు పోట్లాడుకుంటున్న పిన్. బూడిద రంగు కనిపిస్తే కోడ్‌లో ఆ పిన్‌ను అవుట్‌పుట్‌గా ప్రకటించలేదేమో చూడండి. కోడ్ తెరవాల్సింది ఇప్పుడు, ముందు కాదు.

ఎల్298 పెట్టాను. అన్నీ హై వస్తున్నాయి, మోటార్‌కు మాత్రం కరెంట్ వెళ్లడం లేదు.

1, 15 నంబరు పిన్లు చూడండి. అవి సెన్స్ పిన్లు. బ్రిడ్జ్ కింది భాగం గ్రౌండ్‌కు వెళ్లేది వాటి గుండానే, 8వ నంబరు గ్రౌండ్ పిన్ గుండా కాదు. వాటిని ఖాళీగా వదిలితే మోటార్ కరెంట్‌కు తిరుగుదారి లేనట్టే. కరెంట్ కొలిచే ఉద్దేశం లేకపోతే రెండూ నేరుగా గ్రౌండ్‌కు కలపండి. కొలవాలంటే 0.5 ఓమ్ పెట్టండి, 2 ఆంప్స్‌కు 1 వోల్ట్ చదవొచ్చు. ఆ రెసిస్టర్ 2 వాట్ల వేడి పుట్టిస్తుంది కాబట్టి 5 వాట్లది కొనాలి. బజార్లో దొరికే ఎర్ర మాడ్యూల్‌లో ఈ కనెక్షన్ ముందే ఉంటుంది. అందుకే విడి చిప్‌తో గీసేటప్పుడు అందరూ మర్చిపోతారు.

ఎల్293డీలో వీఎస్ఎస్‌ను గ్రౌండ్ చేశాను, తప్పా?

తప్పు. మాస్‌ఫెట్ లాజిక్ చిప్‌లలో వీఎస్ఎస్ అంటే గ్రౌండ్, నిజమే. కానీ ఎస్‌టీ కంపెనీ డేటాషీట్ ప్రకారం ఈ చిప్‌లో వీఎస్ఎస్ లాజిక్ సప్లై. 16వ పిన్‌కు 5 వోల్టులు, 8వ పిన్‌కు మోటార్ సప్లై ఇవ్వండి. గ్రౌండ్లు 4, 5, 12, 13.

టింకర్‌క్యాడ్‌లో ఎల్293డీ పెట్టాను, ఆర్‌పీఎం సున్నానే చూపిస్తోంది.

చిప్ గాడి ఎటు ఉందో చూసి పిన్ 1 ఎక్కడో ఖాయం చేసుకోండి, తిరగేసి పెట్టడమే ఇక్కడ మొదటి ముద్దాయి. రెండోది, బ్రెడ్‌బోర్డు పై పట్టాలు, కింది పట్టాలు ఒకదానికొకటి కలిసి ఉండవు, వైరు వేసి కలపాలి. బ్యాటరీ మైనస్, ఆర్డుయినో గ్రౌండ్ కూడా కలపాలి. ఎనేబుల్ పిన్లు 1, 9.

స్టెప్పర్ మోటార్ తిరగకుండా వణుకుతోంది.

కాయిల్స్ వరస తప్పింది. 28బీవైజే-48 మోటార్, యూఎల్‌ఎన్2003 బోర్డు, ఆర్డుయినో స్టెప్పర్ లైబ్రరీ వాడుతుంటే కోడ్‌లో పిన్లు 8, 9, 10, 11 వరసలో కాకుండా 8, 10, 9, 11 అని ఇవ్వండి.

## తిరుగుతోంది, కానీ సరిగా కాదు

12 వోల్టులు ఇస్తే మోటార్‌కు 9.4 మాత్రమే వస్తోంది. మిగతాది ఏమైంది?

డ్రైవర్ తినేసింది. ఈ చిప్‌ల లోపల ఉన్నవి బైపోలార్ ట్రాన్సిస్టర్లు. ఎల్293డీలో 600 మిల్లీఆంప్స్ దగ్గర పై వైపు మామూలుగా 1.4, కింది వైపు 1.2 వోల్టులు పోతాయి. ఎల్298లో 1 ఆంప్ దగ్గర రెండూ కలిపి 3.2 వోల్టుల దాకా, 2 ఆంప్స్ దగ్గర 4.9 దాకా పోవచ్చు. ఇది సిమ్యులేషన్ తప్పు కాదు, నిజం. ఎల్‌టీస్పైస్‌లో ఆదర్శ స్విచ్‌లతో గీసి పూర్తి 12 వోల్టులు చూపించే రిపోర్టులే తప్పు. చిన్న బండి అయితే టీబీ6612ఎఫ్‌ఎన్‌జీ మేలు. అది మాస్‌ఫెట్ డ్రైవర్, నిలకడగా 1.2 ఆంప్స్, పోయేది అర వోల్టు చిల్లరే. దాని స్టాండ్‌బై పిన్ హై చేయడం మరవొద్దు.

అనలాగ్‌రైట్‌లో 100 ఇస్తే ఆగిపోతోంది, 200 ఇస్తే ఫుల్ స్పీడ్. మధ్యలో ఏమీ లేదు.

పీడబ్ల్యూఎం లేని పిన్ వాడుతున్నారు. ఊనోలో 3, 5, 6, 9, 10, 11 మాత్రమే పనికొస్తాయి. మిగతా పిన్‌లో 128 కంటే తక్కువైతే లో, 128 నుంచి హై. సరైన పిన్ వాడినా ఇలాగే ఉంటే సర్వో లైబ్రరీ ఉందేమో చూడండి, అది ఊనోలో 9, 10 పిన్ల పీడబ్ల్యూఎంను ఆపేస్తుంది. బజర్‌కు టోన్ వాడితే 3, 11 పిన్లు చెడతాయి. ఏ విలువ ఇచ్చినా స్పీడ్ మారకపోతే ఎనేబుల్ పిన్ నేరుగా 5 వోల్టులకు కట్టేసి ఉంటుంది.

డ్యూటీ (పీడబ్ల్యూఎంలో ఆన్ ఉండే సమయం వాటా) 50 శాతం ఇస్తే స్పీడ్ సగం రావాలి కదా, రావడం లేదేం?

పీడబ్ల్యూఎం ఎక్కడ ఇస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎనేబుల్ పిన్‌కు ఇస్తే లో అయినప్పుడు బ్రిడ్జ్ మొత్తం తెరుచుకుంటుంది. కరెంట్ డయోడ్ల గుండా సప్లైకి తిరిగివెళ్లి త్వరగా సున్నా అవుతుంది, స్పీడు డ్యూటీకి అనుపాతంలో ఉండదు. ఒక ఇన్‌పుట్‌కు ఇచ్చి ఎనేబుల్‌ను హైలో ఉంచితే లో సమయంలో మోటార్ రెండు కాళ్లూ ఒకే వైపు కలిసి, కరెంట్ నిదానంగా తగ్గుతుంది. స్పీడు లెక్కకు దగ్గరగా వస్తుంది. పీఐడీ (స్పీడును తానే సరిదిద్దుకునే కంట్రోల్) చేసేవాళ్లు రెండోదే ఎంచుకోవాలని మా సలహా.

## మాస్‌ఫెట్లతో సొంత హెచ్-బ్రిడ్జ్

పైన పీ-చానల్, కింద ఎన్-చానల్ పెట్టాను. రన్ చేస్తే సప్లై నుంచి 300 ఆంప్స్ చూపిస్తోంది!

పై మాస్‌ఫెట్ ఎప్పుడూ ఆఫ్ కావడం లేదు. సోర్స్ 12 వోల్టుల దగ్గర ఉంది. ఆర్డుయినో 5 వోల్టులు గేట్‌కు ఇచ్చి "హై ఇచ్చాను, ఆఫ్ అయింది" అనుకుంటున్నారు. గేట్‌కూ సోర్స్‌కూ మధ్య ఇంకా మైనస్ 7 వోల్టులుంది, పూర్తిగా ఆన్. కింది మాస్‌ఫెట్ ఆన్ కాగానే రెండూ కలిసి సప్లైని షార్ట్ చేస్తాయి. 17.5 మిల్లీఓమ్స్ ఉన్న మాస్‌ఫెట్లు రెండు వరసగా ఉంటే 12 వోల్టులకు 340 ఆంప్స్ లెక్క వస్తుంది. మీ గ్రాఫ్ అబద్ధం చెప్పడం లేదు.

గేట్‌ను 12 వోల్టులకు ఒక రెసిస్టర్‌తో పైకి కట్టి, బీసీ547 ట్రాన్సిస్టర్‌తో కిందికి లాగండి. ఆర్డుయినో నుంచి బీసీ547 బేస్‌కు 1 కిలోఓమ్. ఇప్పుడు లాజిక్ తిరగబడుతుంది, హై ఇస్తే ఆన్. పైకి కట్టే రెసిస్టర్ అందరూ 10 కిలోఓమ్స్ పెడతారు. ఐఆర్ఎఫ్9540ఎన్ అనే పీ-చానల్ మాస్‌ఫెట్ ఇన్‌పుట్ కెపాసిటెన్స్ సుమారు 1300 పికోఫారడ్ కాబట్టి టైమ్ కాన్‌స్టెంట్ 13 మైక్రోసెకన్లు. 20 కిలోహెర్ట్జ్‌లో పూర్తి పీరియడే 50 మైక్రోసెకన్లు. ఆఫ్ అయ్యేలోపే మళ్లీ ఆన్ వేళ వచ్చేస్తుంది. 1 కిలోఓమ్‌కు తగ్గించండి. అంతకంటే మంచి ఉపాయం, పై మాస్‌ఫెట్లను దిశ మార్చడానికే వాడి, పీడబ్ల్యూఎం కింది ఎన్-చానల్ వాటికి ఇవ్వడం. సప్లై 24 వోల్టులైతే గేట్-సోర్స్ మధ్య 12 వోల్టుల జీనర్ తప్పనిసరి, హద్దు 20 వోల్టులే. దానితో పాటు బీసీ547 కలెక్టర్‌కూ గేట్‌కూ మధ్య 470 ఓమ్స్ పెట్టండి. లేకపోతే జీనర్ గుండా పారే కరెంట్‌ను ఆపేదేమీ ఉండదు.

నాలుగూ ఎన్-చానల్ పెట్టాను, మోటార్‌కు 8 వోల్టులే వస్తోంది, పైవాటిలో వాట్లు ఎక్కువ చూపిస్తోంది.

గేట్‌కు 12 ఇస్తే సోర్స్ 8 దాకా లేచి ఆగిపోతుంది, ఎందుకంటే ఇంకా లేస్తే మాస్‌ఫెట్ తనకు తానే ఆఫ్ అయిపోతుంది. మిగిలిన 4 వోల్టులు, 2 ఆంప్స్ కలిసి 8 వాట్లు. పై గేట్‌కు సప్లై కంటే 10 వోల్టులు ఎక్కువ, అంటే 22 కావాలి. అందుకు బూట్‌స్ట్రాప్ డ్రైవర్ (ఒక కెపాసిటర్‌ను చార్జ్ చేసి పై గేట్‌కు ఆ ఎక్కువ వోల్టేజ్ ఇచ్చే చిప్) వాడాలి.

ఐఆర్2110 అనే బూట్‌స్ట్రాప్ డ్రైవర్ పెట్టాను, పై అవుట్‌పుట్ రావడమే లేదు.

వరసగా చూడండి. వీసీసీకి 5 వోల్టులు ఇచ్చారా? సుమారు 8.5 దాటితే గానీ లోపలి అండర్‌వోల్టేజ్ తాళం తీయదు. 12 ఇవ్వండి. షట్‌డౌన్ పిన్ గ్రౌండ్‌లో ఉండాలి. ఐఆర్2104లో ఇది రివర్స్, హైలో ఉంటేనే పని చేస్తుంది. ఒకదాని సర్క్యూట్ చూసి రెండోది గీసేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. వీఎస్ఎస్, కామ్ రెండూ గ్రౌండ్‌కు కలవాలి.

ఇవన్నీ సరిగా ఉంటే బూట్‌స్ట్రాప్ కెపాసిటర్ చార్జ్ కావడం లేదు. కింది మాస్‌ఫెట్ ఆన్ అయినప్పుడే అది చార్జ్ అవుతుంది. అందుకని సిమ్యులేషన్ మొదట్లో కిందిది ఒకసారి ఆన్ కావాలి, 100 శాతం డ్యూటీ ఇవ్వకూడదు, 95 దగ్గర ఆపండి. 1 మైక్రోఫారడ్, యూఎఫ్4007 డయోడ్ సరిపోతాయి.

డెడ్ టైమ్ ఎంత పెట్టాలి, ఎలా పెట్టాలి?

20 కిలోహెర్ట్జ్‌కు 1 మైక్రోసెకను పెట్టి మొదలుపెట్టండి. పల్స్ సోర్స్‌లో పైదానికి డిలే 0, ఆన్ టైమ్ 24 మైక్రోసెకన్లు, కిందిదానికి డిలే 25, ఆన్ టైమ్ 24, రెండింటికీ పీరియడ్ 50. సప్లై కరెంట్ గ్రాఫ్ చూడండి. మారే చోట సూదిలాంటి స్పైక్ పదుల ఆంప్స్ దాకా లేస్తే డెడ్ టైమ్ చాలలేదు. ఐఆర్2104లో సుమారు అర మైక్రోసెకను లోపలే ఉంటుంది, ఐఆర్2110లో ఉండదు.

డయోడ్‌గా 1ఎన్4007 పెట్టొచ్చా?

రిలేకైతే సరే. పీడబ్ల్యూఎంకు అది నెమ్మది, వెంటనే ఆఫ్ కాక ప్రతి సైకిల్‌లోనూ ఒక షార్ట్ క్షణం ఇస్తుంది. యూఎఫ్4007 లేదా షాట్‌కీ 1ఎన్5822 వాడండి.

## బోర్డు మీదికి వచ్చాక

సిమ్యులేషన్‌లో గంటలు నడిచింది. అసలు ఎల్298 ఐదు నిమిషాల్లో కాలిపోయేంత వేడెక్కింది.

ప్రోటియస్ మోడల్‌కు వేడి తెలియదు. లెక్క మనం కట్టాలి. 1 ఆంప్ దగ్గర గరిష్ఠంగా 3.2 వోల్టులు పోతే 3.2 వాట్ల వేడి. హీట్‌సింక్ లేకుండా జంక్షన్ నుంచి గాలికి వాట్‌కు 35 డిగ్రీలు. అంటే చుట్టూ ఉన్న గాలి కంటే 112 డిగ్రీలు ఎక్కువ. సిమ్యులేటర్లు మామూలుగా 27 డిగ్రీల గది అనుకుంటాయి, దాని ప్రకారం 139 వస్తుంది, హద్దు 150 లోపే. మే నెల మధ్యాహ్నం బెజవాడలో ఏసీ లేని ల్యాబ్ 42 డిగ్రీలుంటే అదే చిప్ 154కు చేరుతుంది. డిసెంబరు రివ్యూలో నడిచిన ప్రాజెక్టు ఎక్స్‌పో రోజున ఆగిపోవడానికి ఈ 15 డిగ్రీలు చాలు. మాడ్యూల్‌తో వచ్చే నల్ల హీట్‌సింక్‌ను బోర్డు అంచున గాలి తగిలేలా నిలబెట్టండి, అట్టపెట్టెలో మూయకండి.

మోటార్ స్టార్ట్ కాగానే ఆర్డుయినో రీసెట్ అవుతోంది. సిమ్యులేషన్‌లో అలా కాలేదే?

సిమ్యులేషన్‌లో బ్యాటరీ ఎంత లాగినా వోల్టేజ్ పడదు. చిన్న 9 వోల్టుల బ్యాటరీకి లోపల ఒకటి రెండు ఓమ్స్ ఉంటాయి. సప్లైకి వరసగా 1.5 ఓమ్స్ పెట్టి మళ్లీ రన్ చేయండి, 9 వోల్టులు ఎంత కిందికి జారిపోతాయో స్క్రీన్ మీదే కనిపిస్తుంది. ఆ బ్యాటరీని మోటార్‌కు వాడకండి. 18650 లిథియం సెల్స్ రెండు సిరీస్‌లో పెట్టి, డ్రైవర్ సప్లై దగ్గర 1000 మైక్రోఫారడ్, మోటార్ కాళ్ల మీదే 100 నానోఫారడ్ సిరామిక్ టంకం చేయండి. కోడ్‌లో స్పీడును సున్నా నుంచి అర సెకనులో మెల్లగా పెంచినా స్టార్టింగ్ కరెంట్ బాగా తగ్గుతుంది.

మిరప చేలో మందు కొట్టే బండికి ఆటోనగర్‌లో పాత వైపర్ మోటార్ తెచ్చాం. ఎల్298కు పెట్టొచ్చా?

పెట్టొద్దు. వైపర్ మోటార్ ఇరుక్కుంటే 10 ఆంప్స్ పైనే లాగుతుంది. బీటీఎస్7960 డ్రైవర్ మాడ్యూల్ తీసుకోండి. దానిపై రాసే 43 ఆంప్స్ అంకెను ఆ చిన్న హీట్‌సింక్‌తో నమ్మొద్దు గానీ వైపర్‌కు సరిపోతుంది. రెండు ఎనేబుల్ పిన్లూ హై చేయాలి, రెండు పీడబ్ల్యూఎం పిన్లలో ఒకసారి ఒక్కదానికే సిగ్నల్ ఇవ్వాలి. ప్రోటియస్‌లో దీని మోడల్ దొరక్కపోతే నాలుగు స్విచ్‌ల బ్రిడ్జ్‌తో చూపించండి, పర్లేదు.

కలపడానికి ముందు మల్టీమీటర్‌ను బీప్‌లో పెట్టి మోటార్ బాడీకీ ఒక్కో వైరుకూ మధ్య చూడండి. చాలా వైపర్ మోటార్లలో మైనస్ లోపలే బాడీకి కట్టేసి ఉంటుంది. హెచ్-బ్రిడ్జ్‌లో దిశ మారగానే ఆ బాడీ 12 వోల్టులకు వెళ్తుంది. బాడీని బండి ఇనుప చాసిస్‌కు బోల్టు వేసి, బ్యాటరీ మైనస్ కూడా అదే చాసిస్‌కు కట్టి ఉంటే నేరుగా షార్టే. మోటార్ కింద రబ్బరు వాషర్లు, బోల్టులకు ప్లాస్టిక్ స్లీవ్ వేసి, మళ్లీ బీప్ చూశాకే సప్లై ఇవ్వండి.

రిపోర్టులో ఏ గ్రాఫులు పెట్టాలి?

నాలుగు చాలు: మోటార్‌కు అడ్డంగా వోల్టేజ్, మోటార్ కరెంట్, బ్రిడ్జ్‌లో ఒక వైపు ఉన్న పై-కింది గేట్ సిగ్నల్స్ ఒకదాని మీద ఒకటి, సప్లై కరెంట్. మోటార్ కరెంట్‌ది స్టార్టింగ్ శిఖరం కనిపించేలా మొదటి సెకను పెట్టండి. గేట్ సిగ్నల్స్‌ది మాత్రం డెడ్ టైమ్ కనిపించేలా 5 మైక్రోసెకన్ల కిటికీకి జూమ్ చేయండి. నల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో ప్రింట్ తీస్తే గీతలు కనబడవు, కలర్ సెట్టింగ్‌లో తెలుపు చేసి స్క్రీన్‌షాట్ తీసుకోండి. తిరుగుతున్న మోటార్ బొమ్మ ఒక్కటే పెడితే వైవాలో మొదటి ప్రశ్న "స్టాల్ కరెంట్ ఎంత?" అనే వస్తుంది.